“గ్యాసు అయిపోయినది” అను మాట

వేసవి రాగానే ఎయిర్ కండిషనర్లున్న ఇండ్లలో ఒక మాట వినబడును: “గ్యాసు అయిపోయినది, నింపించవలెను.” ఈ మాట వాడుకలో స్థిరపడినది కాని, శాస్త్రమునకు నిలువదు.

వంటగ్యాసు మండి ఖర్చగును. ఎయిర్ కండిషనరులోని గ్యాసు ఇంధనము కాదు, వేడిని మోయు వాహకము. అది ద్రవరూపమున గదిలోని వేడిని గ్రహించి ఆవిరియగును. కంప్రెసరు అదుమగా, బయటి గొట్టపుచుట్టలో ఆ వేడిని విడిచి మరల ద్రవమగును. మూసియున్న గొట్టములలో ఈ చక్రమెన్ని ఏండ్లు తిరిగినను గ్యాసు తరుగదు. తరిగినదనగా ఎచ్చటనో కారుచున్నదని అర్థము.

కారుట ఆపక ఏటేట నింపించుట డబ్బు దండుగ మాత్రమే కాదు. కంప్రెసరు మితిమీరి వేడెక్కకుండ కాపాడునది తిరిగివచ్చు చల్లని ఆవిరియే. రామగుండము, రెంటచింతల వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలకు చేరినపుడు, బయటి చుట్ట అంతకన్న వేడిగా ఉన్నగాని వేడిని విడువజాలదు. కంప్రెసరుకు అప్పటికే శ్రమ అధికము. గ్యాసు కూడ తగ్గినచో దాని ఆయువు క్షీణించును. ఇక బయటపడిన గ్యాసు సంగతి: నేడు విరివిగా వాడుచున్న ఆర్-32, 100 ఏండ్ల లెక్కన, అంతే బరువుగల కార్బన్ డయాక్సైడుకన్న సుమారు 675 రెట్లు భూమిని వేడెక్కించును.

చల్లదనము తగ్గిన ప్రతిసారి తప్పు గ్యాసుదే కాదు. జల్లెడకును, బయటి చుట్టకును పట్టిన దుమ్ము కూడ కారణము కావచ్చును. కనుక ముందు దుమ్ము దులిపించవలెను. అప్పటికిని చల్లబడనిచో “ఎంత నింపవలెను?” అని కాక, “ఎచ్చట కారుచున్నది?” అని అడుగవలెను.