గంగాళం మీది పేరు

కోనసీమ గురించి ఈమధ్య వస్తున్న జ్ఞాపకాల రచనల్లో మనుషులకన్నా సామాన్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. అమ్మమ్మగారి ఇత్తడి గంగాళం, తాతగారి పడకకుర్చీ, మండువాలో ఉయ్యాలబల్ల, మరచెంబు, భోషాణం, ఆవకాయ జాడీ. రచయిత వీటిని ఒక్కొక్కటే తడిమి చూపిస్తాడు, ఆ రోజులు మళ్లీ రావంటాడు, ముగిస్తాడు. ఇల్లు అమలాపురంలో వున్నా, రాజోలులో వున్నా, కొత్తపేటలో వున్నా జాబితా పెద్దగా మారదు. వీటిని చదివి కళ్లు తుడుచుకునేవారున్నారు. "ఇదంతా భూస్వాముల సెంటిమెంటు" అని పుస్తకం మూసేసేవారూ వున్నారు. రెండు పనుల్లో ఏదీ విమర్శ కాదు. ఏ వస్తువును దాచుకుంటారు, ఎవరు దాచుకోగలుగుతారు, దాచిన వస్తువులో ఎవరి జ్ఞాపకం మిగులుతుంది? ఈ ప్రశ్నలు సాహిత్య విమర్శకు సంబంధించినవే. వీటిని అడగకుండా వదిలిపెట్టటం వల్లనే ఆ రచనలు అంత తేలిగ్గా సాగిపోతున్నాయి.

ముందు ఆ గంగాళాన్నే తీసుకుందాం. గోదావరికి ఆవలిగట్టున తణుకు దగ్గర అజ్జరం అనే వూరుంది. ఇత్తడి పనికి అది తరతరాలుగా పేరుపడ్డది. అక్కడో, అలాంటి మరొక చోటో, కొలిమి సెగలో నిలబడి ఎవరో లోహం కరగబోశారు, సుత్తితో సాగగొట్టారు, నునుపు తేల్చారు. ఆ తర్వాత గంగాళం పెళ్లి సామానులో ఇల్లు చేరింది. మనవాళ్లకొక అలవాటుంది: సామాను మీద ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిస్తారు. పెట్టినవారి పేరు, వుంటే తేదీ. మన ఇళ్లలో చాలాకాలం నిలిచిన రాతల్లో ఇదొకటి. తాటాకు చెదలు తిన్నా, కాగితం నాని చిరిగినా, ఇత్తడి మీది అక్షరం మిగిలింది. విమర్శకుడికి అంతకన్నా మంచి గ్రంథం ఏం కావాలి?

ఆ గ్రంథం మనకేం చెబుతున్నది? కొన్నవారి పేరు చెబుతున్నది. చేసినవాడి పేరు చెప్పదు. కళాయి వేసినవాడి పేరు చెప్పదు. చింతపండూ బూడిదా పెట్టి ఏళ్ల తరబడి దాన్ని తోమిన మనిషి పేరు అసలే చెప్పదు. ఆ గంగాళాన్ని ఇంటి యజమాని ఎన్నిసార్లు తాకివుంటాడో గాని, పనిమనిషి చేతులు రోజూ తాకాయి. ఈనాడు అద్దాల బీరువాలో అది మెరుస్తున్నదంటే, ఆ మెరుపు ఆమె చేతులది. మన రచయిత మెరుపును వర్ణిస్తాడు, చేతుల్ని వదిలేస్తాడు. ఉలితో కొట్టిన పేరును మించి అతను చదవటం లేదు.

ఇంకొక సంగతీ వుంది. ఆ ఇంటి పెరట్లోనే దాహమన్న పాలేరుకు పైనుంచి దోసిట్లోకి నీళ్లు వంచి పోసేవారు. చెంబు చేతికి తగలకూడదు. ఆ చెంబు అతనికీ గుర్తే. ఐతే, అతనికి గుర్తున్నది చెంబుకూ చేతికీ మధ్యనున్న జానెడు దూరం. ఒకే వస్తువు రెండు జ్ఞాపకాలు. ఒకటి సాహిత్యంలోకి వచ్చింది. రెండోది చాలా ఆలస్యంగా వచ్చింది, వచ్చినా "కోనసీమ జ్ఞాపకాలు" అనే శీర్షిక కిందికి మాత్రం రాలేదు. "పాలేరు" నాటకం రాసిన బోయి భీమన్నగారు 1911లో పుట్టింది కోనసీమలోని మామిడికుదురులోనే. ఆయన "గుడిసెలు కాలిపోతున్నై" కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పేరు ఒక్కటి చాలు, మన పెట్టెల సాహిత్యాన్ని నిలదియ్యటానికి. జ్ఞాపకం దాచుకోవాలంటే పెట్టె కావాలి. పెట్టె వుండాలంటే కాలిపోని ఇల్లు కావాలి.

కాలిపోని ఇల్లు మాత్రమే కాదు, కొట్టుకుపోని ఇల్లు కూడా. 1986 ఆగస్టులో గోదావరి పొంగి, ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద ప్రవహించింది. లంకగ్రామాల్లో ఇళ్లు ఇళ్లుగా మునిగాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరితోటలు తోటలుగా నేలకూలాయి, గుడిసెల మాట చెప్పనక్కరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున, ఇదే మామిడికుదురు మండలంలోని నగరంలో గ్యాసు గొట్టం పేలి, ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇళ్లూ చెట్లూ కాలిపోయాయి. మేడమీదికి భోషాణం ఎక్కించుకోగలిగినవాడికి వరద ఒక జ్ఞాపకం. మేడ లేనివాడికి వరద జ్ఞాపకాల్ని తీసుకుపోయే శక్తి. ఆస్తిలాగే జ్ఞాపకచిహ్నాలు కూడా సమానంగా పంపిణీ కాలేదన్నమాట. ఈ సంగతి తెలియకుండా "మా ఇంట్లో ఇంకా వుంది" అని రాసినవాడు, తన అదృష్టాన్ని తన సంస్కారమని పొరబడుతున్నాడు.

ఇంతవరకూ చదివిన కొందరు మిత్రులు, "ఐతే వస్తువులమీద మమకారం ధనికవర్గ లక్షణమేగదా" అంటారు. కాదు. మన శిబిరంలో తరచు వినిపించే ఈ మాటను గట్టిగా కాదనాలి. లండను ప్రవాసంలో మార్క్సు కుటుంబం తాకట్టుకొట్టు చుట్టూ తిరిగింది. జెన్నీ పుట్టింటి వెండి సామానూ వెళ్లింది, మార్క్సు కోటూ వెళ్లింది. కోటు తాకట్టులో వుండి బయటికి వెళ్లలేకపోతున్నానని 1852లో ఆయన ఎంగెల్సుకు రాశాడు. 1867లో వెలువడిన "కాపిటల్" మొదటి అధ్యాయంలో సరుకు విలువ వివరించటానికి తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి కోటు. సరుకుగా మారిన వస్తువు ఒంటిమీంచి ఎలా వూడిపోతుందో ఆయనకు అనుభవపూర్వకంగా తెలుసు. తాకట్టు దుకాణంవాడు బరువు చూస్తాడు, అరుగుదల చూస్తాడు. ఎవరు ఇచ్చారో, ఎవరు వాడారో అతని త్రాసుకు ఎక్కదు.

మన సాహిత్యంలో ఈ త్రాసును చూసినవాడు చాసో. "వాయులీనం" కథలో జబ్బు చేసిన ఇంట్లోంచి వాయులీనం అమ్ముడుపోతుంది. అది అలంకారానికి దాచిన వస్తువు కాదు, ఇంటి ఇల్లాలి విద్య అందులో వుంది. చాసో ఆ వాయిద్యాన్ని పొగడడు, దాని వెనక వైభవాన్ని ఏకరువు పెట్టడు. అది ఇంట్లోంచి బయటికి నడిచే దారిని చూపిస్తాడు. పాఠకుడికి గుండె పట్టేస్తుంది. అందులోనూ సెంటిమెంటు వుంది, ఐతే ఆ సెంటిమెంటుకు కారణం వుంది. జ్ఞాపకాల వ్యాసానికీ ఆ కథకూ తేడా ఇక్కడే: ఒకటి దాచుకోగలిగినదాన్ని చూసుకుని మురుస్తుంది, మరొకటి దాచుకోలేకపోవటానికి కారణం అడుగుతుంది.

బీదవాళ్ల ఇళ్లలో దాచుకున్న వస్తువులే లేవనటం కూడా పొరపాటే. పనుల్లేని రోజుల్లో తాకట్టుకు వెళ్లి, కోతల డబ్బుతో తిరిగివచ్చిన బిందె ఆ ఇంటికి ఎంత ప్రియమో ఆలోచించండి. నీళ్లు మోసే బిందె, పరువు నిలిపే బిందె, అమ్మ ఇచ్చిన బిందె - మూడూ ఒకటే. వాడుక విలువ వేరు, మమకారపు విలువ వేరు అని విడదీసుకోవటానికి ఆ ఇంటికి రెండో బిందె లేదు. బంగారు నగల కథలు రాసినంతగా మనం ఈ బిందె కథ రాయలేదు.

ఇవాళ్టి కోనసీమలో మరో కొత్త వస్తువు చేరింది. రాజోలు, అమలాపురం ప్రాంతాలనుంచి ఎందరో స్త్రీలు కువైటుకూ, తదితర గల్ఫు దేశాలకూ ఇంటిపనికి వెళ్తున్నారు. వాళ్లు తెచ్చిన మందపాటి దుప్పట్లు ఇక్కడి ఇళ్లలో, కవరు కూడా విప్పకుండా బీరువా మీద వుండటం నేను చూశాను. కోనసీమ ఉక్కలో ఆ దుప్పటి కప్పుకోవలసిన రాత్రులు ఏడాదికి ఎన్నో వుండవు. ఐనా దాన్ని అమ్మరు, ఎవరికీ ఇవ్వరు. తల్లి లేకుండా పిల్లలు పెరిగిన సంవత్సరాలు ఆ మడతల్లో వున్నాయి. అక్కడ ఆమె పరాయి ఇంటి గిన్నెలు తోమింది, ఇక్కడ ఆమె దుప్పటి మిగిలింది. గంగాళానికి ఏమాత్రం తీసిపోని వారసత్వం ఇది. దీనిమీద ఏ పేరూ కొట్టించి లేదు. అంతమాత్రంచేత చదవటానికి ఏమీ లేదనుకోకూడదు.

కనుక రచయితలు సామాన్ల గురించి రాయటం మానాలని నేననను. ఇంకా శ్రద్ధగా రాయాలంటాను. తెలుగు అధ్యాపకులకు ఒక సూచన: "మా ఇంటి పాత వస్తువు" అని విద్యార్థులచేత వ్యాసం రాయించండి. ఐతే నాలుగు ప్రశ్నలకు జవాబు వుండితీరాలనండి. దీన్ని ఎవరు చేశారు? ఎవరు కొన్నారు? రోజూ ఎవరు తోమారు? ఎవర్ని తాకనివ్వలేదు? ఇంట్లో అలాంటి వస్తువేదీ లేదన్న విద్యార్థికి అయిదో ప్రశ్న ఇవ్వండి: వున్నది ఎప్పుడు, ఎలా పోయింది? ఆ తరగతిలో అన్నిటికన్నా బలమైన వ్యాసం ఆ అయిదో ప్రశ్నకు జవాబుగా రావచ్చు.