మచ్చలేని వీపు

స్త్రీ తన శరీరంలో తన కళ్లతో తాను చూసుకోలేని భాగం వీపు. రెండు అద్దాలుంటే తప్ప అది ఆమెకు కనబడదు. అక్కడ ఏముందో అమ్మ చెప్పాలి, వదిన చెప్పాలి, జాకెట్టు కొలతలు తీసే టైలరు చెప్పాలి, భర్త చెప్పాలి. వీపు మీద మొటిమలకు చేసే కెమికల్ పీల్ గురించి రాస్తూ నేను అడగాలనుకుంటున్న ప్రశ్న ఇదే: మన వీపుని మనకు వర్ణించి చెబుతున్నది ఎవరు? ఏ భాషలో?

తెలుగులో వీపు దెబ్బలు పడే చోటు. ‘వీపు చీరేస్తా’ అంటారు, ‘వీపు విమానం మోత మోగుతుంది’ అంటారు. స్త్రీని ఆపాదమస్తకం వర్ణించిన మన ప్రబంధ సంప్రదాయంలో వీపు జడ వేలాడటానికి ఒక ఆధారం మాత్రమే. జడ నల్లతాచు అవుతుంది, తుమ్మెదల బారు అవుతుంది. దాని కింద చర్మం ఎప్పుడూ నునుపే. దానికి చెమట పట్టదు, పొక్కులు లేవవు, దురద పుట్టదు.

స్త్రీవాద కవిత్వం ఈ వర్ణనని నిలదీసింది. జయప్రభ ‘చూపులు’, ‘పైటను తగలెయ్యాలి’, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ వంటి కవితలూ, 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనమూ మన శరీరానుభవాల్ని మన మాటల్లోకి తెచ్చాయి. పైట కొంగు చివరికి వెళ్లి పడేది వీపు మీదే అయినా, నేను చదివినంతలో వీపు మాత్రం ఆ మాటల్లోకి పెద్దగా రాలేదు. ఆ ఖాళీలోకి స్కిన్ క్లినిక్ కరపత్రం వచ్చి కూచుంది.

ఆ కరపత్రాన్ని మనం ఒక కథనో కవితనో చదివినంత శ్రద్ధగా చదవాలి. నా దగ్గరున్న ఒకదాంట్లో రెండు ఫోటోలున్నాయి, ‘ముందు’, ‘తర్వాత’ అని. రెండింట్లోనూ మనిషికి తల లేదు. మెడ దగ్గర మొదలై నడుం దగ్గర ఆగిపోయే వీపు మాత్రమే. మొదటి ఫోటోలో వెలుతురు పక్కనుంచి పడి ప్రతి గడ్డకీ నీడ వచ్చింది. రెండో ఫోటోలో వెలుతురు నేరుగా పడి ఆ నీడల్ని చెరిపేసింది. కింద, పెళ్లి నాటికి మచ్చలేని వీపు ఇస్తామన్న హామీ.

ఈ ‘మచ్చ’ దగ్గర కాస్త ఆగుదాం. మన భాషలో మచ్చ చర్మానికీ పడుతుంది, శీలానికీ పడుతుంది. ‘మచ్చలేని మనిషి’ అని మగవాణ్ణి మెచ్చుకుంటాం. ‘ఇంటికి మచ్చ తెచ్చింది’ అన్నప్పుడు మాత్రం తెచ్చింది దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే. పెళ్లి పక్కన మచ్చని పెట్టిన కరపత్రం ఈ పాత భయాన్నే అమ్ముకుంటోంది. మొటిమ ఒక జబ్బు. మచ్చ ఒక తీర్పు. జబ్బుతో వెళ్లిన మనిషికి తీర్పు నుంచి విముక్తి అమ్ముతున్నారు.

ఇంతకీ కరపత్రం చెప్పనివేమిటి? పీల్ అంటే ఆమ్లం పూసి పై చర్మపు పొరల్ని ఊడేలా చేయడం. మొటిమలకు ఎక్కువగా వాడేది 20 నుంచి 30 శాతం శాలిసిలిక్ ఆమ్లం. అది కొవ్వులో కరుగుతుంది కనుక నూనెతో పూడిన రంధ్రాల్లోకి దిగగలదు. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగైదుసార్లు చేస్తారు. పైపై మొటిమలు తగ్గుతాయి, నల్లమచ్చలు కొంత పలచబడతాయి. లోతైన గడ్డలకి ఇది సరిపోదు, మందులు కావాలి. వాటిలో ఐసోట్రెటినాయిన్ గర్భంలోని బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుంది. వీపంతా ఒకేసారి శాలిసిలిక్ ఆమ్లం పూస్తే అది ఒంట్లోకి ఎక్కువగా ఇంకి చెవుల్లో హోరు పుట్టవచ్చు. వీపు చర్మం ముఖం కన్నా నెమ్మదిగా మానుతుంది. భుజాలు కెలాయిడ్లు లేచే చోటు. దురద పెడుతూ అన్నీ ఒకే సైజులో ఉండే పొక్కులైతే అవి మొటిమలు కాక ఫంగస్ వల్ల వచ్చినవి కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, మన చామనఛాయ, నల్ల చర్మాల్లో పీల్ రేపిన మంట వల్లే కొత్త నల్లమచ్చలు పడవచ్చు.

నేను నాలుగుసార్లు చేయించుకున్నాను. మండింది, కొన్ని రోజులు పొట్టు రాలింది, గడ్డలు నిజంగానే తగ్గాయి. బస్సులో సీటుకి ఆనుకుని కూర్చోగలిగాను. జాకెట్టుకి రసి అంటడం ఆగింది. ఎడమ భుజం మీద మాత్రం అరచేయంత నలుపు నెలల తరబడి ఉండిపోయింది. అలా జరగవచ్చని ముందు ఎవరూ చెప్పలేదు. అడిగితే, మీ రంగు అలాంటిది అన్నారు. ఆ వాక్యంలో వ్యాకరణం చూడండి. ఆమ్లం చేసిన పనికి కర్త నా రంగు అయింది!

స్త్రీవాదివై ఉండి నీకెందుకు ఈ అందం పిచ్చి అని అడిగిన స్నేహితురాళ్లున్నారు. ఆ విమర్శతో నాకు పేచీ ఉంది. వెల్లకిలా పడుకోలేని రాత్రుల సంగతి కరపత్రానికి తెలియదు, ఈ విమర్శకీ తెలియదు. రెండూ వీపుని బయటినుంచే చూస్తున్నాయి. నొప్పి తగ్గించుకోవడం లొంగిపోవడం కాదు. ఏం చేస్తున్నారో తెలియకుండా వీపు అప్పగించాల్సి రావడం దగ్గరే రాజకీయం ఉంది.

దీనికి వేరే భాష మనకు లేకపోలేదు. 1990ల మొదట్లో హైదరాబాద్ స్త్రీల బృందం తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీల ఆరోగ్యం గురించి తెలుగులో స్త్రీలతోనే మాట్లాడింది. ఆ సంప్రదాయంలో మనం అడగాల్సిన ప్రశ్నలున్నాయి. ఏ ఆమ్లం, ఎంత శాతం? నా చర్మానికి నల్లబడే ప్రమాదం ఎంత? పీల్ తర్వాత ఎండ తగలకూడదంటారే, ఎండలోనే బతుకు గడిచే స్త్రీ ఏం చెయ్యాలి?

రాసేవాళ్లుగా మరో పని కూడా మన మీద ఉంది. తలంటు రోజున తరతరాలుగా ఒకరి వీపు ఒకరం రుద్దుకున్నవాళ్లం మనం. ఏ వీపు మీద బరువు మోసిన కాయ ఉందో, ఏది దెబ్బ తాలూకు గీతో, ఏది మొటిమో మనకు తెలుసు. మచ్చని శీలం నుంచి విడదీసి చర్మానికి తిరిగి ఇచ్చే వాక్యాలు ఆ తెలివిడి నుంచే రావాలి.