ఒంటరి నక్షత్రం కథనంలో నమ్మకత్వం, ఫలితం: క్లౌ దంపతుల రచనల పరిశీలన

తెలుగు క్రైస్తవ మిషన్ చరిత్రలో ‘ఒంటరి నక్షత్రం’గా పేరుపొందిన నెల్లూరు-ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ కథకు స్థిరపడిన ఒక క్రమం ఉన్నది. 1836లో శామ్యూల్ డే తెలుగునేలకు రావడం, 1840లో నెల్లూరు కేంద్రం కావడం, ఏళ్లు గడిచినా విశ్వాసుల సంఖ్య అత్యల్పంగానే ఉండడం ఇందులో పూర్వభాగం. 1853లో ఆల్బనీ సభలో మిషన్‌ను మూసివేయాలన్న ఆలోచన చర్చకు వచ్చినప్పుడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాసిన కవిత ఈ పేరుకు మూలమైంది. 1854 జనవరి 1న లైమన్ జ్యూయెట్ దంపతులు ముగ్గురు నెల్లూరు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండపై ప్రార్థించారు. ఉత్తరభాగంలో 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ క్రమంలోనే ఒక వైరుధ్యం ఉన్నది. ఫలం కనిపించని సంవత్సరాలలో కూడా పరిచర్యను విడువకపోవడమే గొప్పదని కథనం చెబుతుంది. ఆ మాటకు సాక్ష్యంగా మాత్రం గుండ్లకమ్మ అంకెనే చూపుతుంది. అంటే నమ్మకత్వాన్ని కీర్తిస్తూనే, దానిని ఫలితపు త్రాసులోనే తూస్తుంది. ఆ రోజు రాకపోయి ఉంటే డే జీవితాన్ని ఎలా అంచనా వేయాలి? ఆయన 1853లో అనారోగ్యంతో స్వదేశానికి మరలి, 1871లో మరణించాడు. గుండ్లకమ్మ ఘట్టాన్ని చూడలేదు. స్థిరపడిన కథనంలో ఈ ప్రశ్నకు చోటు లేదు. బైబిలు సంప్రదాయం కూడా ఈ చిక్కును పూర్తిగా విప్పదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో నాటేవాడు, నీళ్లు పోసేవాడు వృద్ధికి కర్తలు కారు. తలాంతుల ఉపమానంలోనో నమ్మకస్థులైన దాసులు సొమ్మును రెట్టింపు చేసినవారే.

జాన్ క్లౌ అనుభవాలను ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అక్షరబద్ధం చేసిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ (1914)లో ఈ లెక్కకు ఎదురు నిలిచే ఘట్టాలు రెండు ఉన్నాయి. మొదటిది ఒంగోలు తొలినాళ్లది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పైకులాల వారు సూచించినప్పుడు, క్లౌ మాదిగల పక్షాన నిలిచాడు. పలుకుబడిగల సంఘం ఏర్పడే అవకాశాన్ని ఆ నిర్ణయంతో వదులుకున్నాడు. రెండవది 1876-78 కరవుకాలానిది. బకింగ్‌హాం కాలువలో కొంతభాగం తవ్వకాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించిన క్లౌ, ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఇవ్వలేదు. అంకెను పెంచుకోవడానికి అంతకన్న అనువైన కాలం లేదు. అయితే గ్రంథం ఈ నిగ్రహాన్ని నిగ్రహంగానే ఉండనివ్వదు. కూటికోసం మతం మారారన్న ఆక్షేపణకు సమాధానంగా, తరువాత వచ్చిన సంఖ్యకు పూచీగా దానిని నిలబెడుతుంది. క్లౌ చర్య లెక్కను కాదన్నది. క్లౌ కథనం దానిని మళ్లీ లెక్కలోకి తెచ్చింది.

ఎమ్మా క్లౌ అంతకు ముందే వెలువరించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ (1899) ఈ దృష్ట్యా మరింత విలువైనది. మిషన్ చరిత్రకారులు దీనిని సమాచారపు గనిగా వాడుకున్నంతగా కథనంగా చదవలేదు. ఇందులో కేంద్రం గుండ్లకమ్మ కాదు, మాదిగవాడ. తోలు వ్యాపారి, యోగసాధకుడు అయిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. గురుశిష్య సంప్రదాయంలో అలవడిన నిష్ఠ ఆయన కొత్త విశ్వాసంలోనూ కొనసాగినట్లు గ్రంథం చూపుతుంది. ఇక్కడ నమ్మకత్వమంటే విదేశీ బోధకుని ఓర్పు మాత్రమే కాదు. ఆదివారం వెట్టికి పోకపోవడం, చచ్చిన గొడ్డు మాంసం మానడం, గ్రామదేవత కొలువులో డప్పు వేయనని చెప్పడం. వీటికి ఊరు విధించిన శిక్షలు ఏ వార్షిక నివేదికలోని అంకెకూ లొంగవు. బాప్తిస్మం పొందినవారిని లెక్కించిన పట్టికలో, మరునాడు పని పోగొట్టుకున్నవారికి గడి లేదు.

ఈ గ్రంథానికీ పరిమితి ఉన్నది. చెప్పులు కుట్టే చేతులను దగ్గరగా చూసిన రచయిత్రి, ఆ వాడ మాటను ఇంగ్లీషులోనే వినిపించింది. తన నిష్ఠకు పేరయ్య ఏ తెలుగు పదం వాడాడో, అది గురువు వద్ద నేర్చినదో, ప్రార్థనలో కొత్తగా అబ్బినదో ఆ అనువాదంలో తెలియదు.