తెర ముందు కూర్చున్న మన వాళ్లు

'కరుణామయుడు' సినిమా 1978 డిసెంబరులో విడుదలైంది. ఏసుక్రీస్తు జీవితకథ అది. దర్శకుడు ఎ. భీంసింగ్. ఏసుగా నటించింది విజయచందర్. పట్నం హాళ్లలో ఆడి అంతటితో ఆగిపోయిన సినిమా కాదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రచారకులు ప్రొజెక్టరు, జనరేటరు వెంటబెట్టుకుని దాన్ని ఊరూరా చూపించారు. మన పెద్దల్లో కొందరు పుట్టి బుద్ధెరిగాక చూసిన మొదటి సినిమా అదే.

ఆ రాత్రుల గురించి మేం రెండు రకాల మాటలు వింటూ వచ్చాం. చదువుకున్న వాళ్లు నవ్వుతూ చెప్పేది ఒకటి: "పాపం, అమాయకులు. వేషం వేసినవాడికే దండం పెట్టారు." ప్రచారం చేసేవాళ్లు సంతోషంగా చెప్పేది ఇంకొకటి: "చూశారు, ఏడ్చారు, నమ్మారు." మొదటి మాట మన వాళ్లకు తెలివి లేదంటుంది. రెండోది మన వాళ్ల కన్నీళ్లను తన లెక్కలో రాసుకుంటుంది. నేల మీద కూర్చున్న ఆ మనిషి తెర మీద ఏం చూశాడని రెండూ అడగవు. మేం అడగదలచుకున్నది అదే.

ముందు దండం సంగతి. వేషానికి మొక్కడం అడవి మనుషుల అలవాటే అయితే, తిరుపతి యాత్రకు పోయిన బస్సులు మద్రాసులో ఎన్టీఆర్ ఇంటి ముందు ఎందుకు ఆగాయి? కృష్ణుడిగా, వెంకటేశ్వరుడిగా తెర మీద చూసిన మనిషిని కళ్లారా చూడాలని మైదాన ప్రాంతాల వాళ్లే వెళ్లారు. దాన్ని భక్తి అన్నారు, అభిమానం అన్నారు. అదే పని మన వాళ్లు చేస్తే అమాయకత్వం అయింది.

నిజానికి వేషం, దేవుడు, మనిషి అనే మూడింటి సంబంధం మన వాళ్లకు తెలిసినంత బాగా చాలామందికి తెలియదు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళికి దండారి చూడండి. నెమలి పింఛాల టోపీ పెట్టుకున్న గుస్సాడి ఆ రోజుల్లో దేవుడు. అతను స్నానం చేయడు, నియమం తప్పడు. పెద్దలు సైతం అతనికి మొక్కుతారు. దండారి ముగిసి టోపీ దించాక అతను మళ్లీ మన పక్కింటి మనిషి. మర్నాడు అతనితో కలిసి పత్తి ఏరడానికి పోతాం. మొక్కినవాళ్లకు అతనెవరో తెలియక మొక్కలేదు, తెలిసే మొక్కారు. అలాంటి మనుషులు తెర మీది ఏసుకు చేతులు జోడిస్తే అందులో తెలియనితనం ఎక్కడుంది?

ఇక కన్నీళ్ల సంగతి. ఆ సినిమా మాటలు తెలుగులో ఉన్నాయి. గోండి, కొలామీ, కువి, సవర మాట్లాడే మన ముసలివాళ్లలో చాలామందికి ఆ తెలుగు అంతంతమాత్రం. అర్థం కాకుండానే ఏడ్చారని దీన్నీ ఎగతాళి చేశారు. 2004లో 'ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్' సినిమాలో పాత్రలు అరామిక్, లాటిన్, హీబ్రూ భాషల్లో మాట్లాడాయి. అమెరికా హాళ్లలో ఏడ్చిన జనంలో ఆ భాషలు వచ్చినవాళ్లు ఎందరు? దెబ్బ పడిన ఒంటిని చూస్తే చాలు, దానికి భాష అక్కరలేదు.

అయితే మన పెద్దలు చూసింది దెబ్బ ఒక్కటే కాదు. ఆ రోజులు గుర్తు చేసుకునేవాళ్ల మాటల్లో మాటిమాటికీ వచ్చేది ఒకే దృశ్యం: కొరడాలతో కొడుతూ, ఒక మనిషి చేత బరువు మోయిస్తూ కొండ ఎక్కించడం. ఆ బరువు మన వాళ్లకు కొత్త కాదు. అధికారుల సామాన్లు కొండదారిన వెట్టికి మోసిన భుజాలవి. గూడెం ప్రాంతంలో తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పని చేయించుకుని సరైన కూలి ఇవ్వకపోవడం 1922 మన్యం తిరుగుబాటు కారణాల్లో ఒకటి. ఆ కాలపు పిల్లలు ఈ సినిమా వచ్చేనాటికి ముసలివాళ్లు. సువార్తల్లో సీమోను అనే మనిషి ఉన్నాడు. పల్లె నుంచి దారిన పోతున్న అతన్ని సైనికులు పట్టుకుని బలవంతంగా శిలువ మోయించారు. దీన్ని మన వాళ్ల మాటలో వెట్టి అంటారు. ఆ రాత్రి మన పెద్దలు ఏడ్చింది ఏసు కోసమూ, తమ కోసమూ. ఈ రెండింటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

సినిమాను మెచ్చుకోవలసిన చోట మెచ్చుకుందాం. మోదుకూరి జాన్సన్ రాసిన శిలువ పాట ఇప్పటికీ మన ఊళ్లలో వినబడుతుంది. కానీ మతకర్తల మీద వచ్చే జీవితకథా సినిమాలన్నిటికీ ఒక లోపం ఉంది. మధ్యలో ఒక్క మనిషి, చుట్టూ జనం. ఆ జనం జబ్బుపడతారు, బాగవుతారు, ఆకలితో వస్తారు, తిని వెళ్తారు. వాళ్ల పేరేమిటో, ఏ ఊరో ఎవరూ చెప్పరు. తెర లోపలి జనానికి పేరు లేనట్టే, తెర బయటి మన వాళ్లకూ పేరు లేకుండా పోయింది.

మన కథ చెప్పే పద్ధతి వేరు. గోండు ధర్మానికి మూలపురుషుడు పహండి కుపార్ లింగో. గుహలో చిక్కుకున్న దేవతలను విడిపించి, జనాన్ని నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా ఏర్పరచాడు. ఆ కథను ప్రధాన్లు కిక్రి వాయిస్తూ పాడతారు. వింటున్నవాడు ఏ సగకు చెందినవాడో కథలోనే ఉంటుంది. అంటే వినేవాడు కథ బయట లేడు.

లింగో మీద సినిమా తీయాలనే యువకులు మనలో ఉన్నారు. తీయాలి. మహమ్మద్ ప్రవక్త మీద 1976లో వచ్చిన 'ది మెసేజ్'లో ఆయన ముఖం చూపలేదు, గొంతు వినిపించలేదు. మిగతా పాత్రలు కెమెరా వైపు తిరిగి మాట్లాడతాయి. లింగోకు ముఖం పెట్టాలా వద్దా అన్నది మన పెద్దలతో, ప్రధాన్లతో కూర్చుని తేల్చుకోవలసిన మాట. జనాన్ని మాత్రం పేరు లేని గుంపుగా చూపవద్దు.

ఇదంతా పాత ముచ్చట కాదు. అప్పటి సినిమా రాత్రిని చూపించి ఒక వర్గం "నమ్మారు" అంటుంది, ఇంకో వర్గం "మోసపోయారు" అంటుంది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు "నువ్వు ఆదివాసివేనా" అని ఒకరినొకరు అడిగే దాకా వచ్చింది. చర్చికి వెళ్లే అన్నదీ, దండారి ఆడే తమ్ముడిదీ ఒకే అవ్వ. తీర్పు చెప్పేముందు ఆ అవ్వను అడగాలి కదా.

టీచర్లకు మా మనవి: బడిలో సినిమా చూపించాక "నీతి ఏమిటి" అని మొదలుపెట్టకండి. "నీకు ఏం కనబడింది" అని అడగండి. పిల్లలు గోండిలో చెప్పినా, కువిలో చెప్పినా చెప్పనివ్వండి. యువతకు మా మాట: ఈసారి పండగకు ఊరికి వెళ్లినప్పుడు తెర ముందు కూర్చున్న పెద్దలు ఎవరైనా మిగిలి ఉంటే పక్కన కూర్చోండి. ఆ రాత్రి ఏం చూశారో, ఎక్కడ ఏడ్చారో, ఎందుకు ఏడ్చారో అడగండి. వాళ్ల మాటల్లోనే రాసుకోండి. రాసిన కాగితం మీద వాళ్ల పేరు, ఊరు, సగ తప్పకుండా పెట్టండి.