వర్గ సమీకరణంలో ‘మూలం’: మహావీరుని లెక్క, నేటి సూత్రం

మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలోని జైన ప్రస్తావనల స్థానంలో శైవాన్ని నిలిపాడు. సాహిత్య విమర్శ ఈ మతపరమైన మార్పుకు ఇచ్చిన ప్రాధాన్యం ఆ పరంపరలోని గణిత పద్ధతికి ఇవ్వలేదు. శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకంలో నేడు తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివే విద్యార్థికి ఆ పద్ధతి ఎందుకు అవసరమో పరిశీలించవలసి ఉంది.

మహావీరుని ప్రసిద్ధమైన లెక్క ఒకటి ఉంది. ఒంటెల మందలో నాలుగో వంతు అడవిలో, మంద వర్గమూలానికి రెట్టింపు కొండ చరియలపై, 15 నది ఒడ్డున ఉన్నాయి. మొత్తం ఎన్ని?

ఆయన విధానం వర్గమూలాన్నే అవ్యక్తంగా గ్రహిస్తుంది. మూలపు గుణకంలో సగమైన 1ని, తెలిసిన సంఖ్య 15ను మిగిలిన భాగం 3/4తో భాగిస్తే 4/3, 20 వస్తాయి. 4/3 వర్గానికి 20 కలిపితే 196/9. దాని వర్గమూలం 14/3. దీనికి 4/3 కలిపితే 6. దాని వర్గం 36, అదే మంద.

నేటి విద్యార్థి మందను ‘మ’ అనుకుని, వర్గమూలాన్ని తొలగించడానికి ఇరువైపులా వర్గం చేస్తాడు. 9మ² − 424మ + 3600 = 0 వస్తుంది. విచక్షణి 50176, అంటే 224 వర్గం. సూత్రం 36, 100/9 అనే రెండు మూలాలను ఇస్తుంది. రెండోది లెక్కకు చెందినది కాదు. వర్గం చేసినప్పుడు చేరినది. మంద భిన్నం కాలేదు కనుక ఇక్కడ అది సులభంగా పట్టుబడుతుంది. పొడవో, కాలమో అడిగిన లెక్కలో ఆ రక్షణ ఉండదు.

సూత్రం లోపభూయిష్ఠమని దీని అర్థం కాదు. ఏ వర్గ సమీకరణానికైనా వర్తించే సార్వత్రికత దాని బలం. అయితే సూత్రం సమీకరణానికే జవాబుదారీ, ప్రశ్నకు కాదు. ‘మూలం’ మహావీరుని లెక్కలో రాశి వర్గమూలం. నేటి పాఠంలో సమీకరణ సాధన. ఒకే మాటలోని ఈ రెండు అర్థాలను విడదీసి చెప్పి, ప్రతి సాధననూ తొలి ప్రశ్నలో ప్రతిక్షేపించి చూడమంటేనే బోధన పూర్తవుతుంది. లేనిపక్షంలో విద్యార్థికి మిగిలేది సూత్రధారణ మాత్రమే.