క్వాంటం పరిభాషలో ‘అధ్యారోపణం’ – పదమూ, పదార్థమూ

తెలుగులో శాస్త్ర పరిభాషను గురించిన చర్చ చాలాకాలంగా సంస్కృతమా, ఇంగ్లీషా, దేశ్యమా అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది. పదం ఎక్కడినుంచి వచ్చిందన్నదానికంటె, పాఠకుణ్ణి ఎక్కడికి చేరుస్తుందన్నదే ముఖ్యం. ఆమదాలవలసలోని రైల్వేస్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు. అక్కడ దిగినవారు శ్రీకాకుళంలో ఉండరు. ఆ ఊరికి పోయే దారిమీద ఉంటారు. పారిభాషికపదం కూడా భావానికి దారియే గాని భావం కాదు.

వేమూరి వేంకటేశ్వరరావు ‘క్వాంటం’ను ‘గుళిక’ అన్నారు. శక్తి విడివిడి మోతాదులుగా వెలువడుతుందన్న 1900 నాటి ప్లాంక్ భావనకు ఇది చక్కగా సరిపోతుంది. కాని నేటి రైతుకు గుళికలంటే వరిమడిలో చల్లే పురుగుమందు. అంతకుమించి, క్వాంటం సమాచారశాస్త్రానికి ఆధారం విడివిడితనం ఒక్కటే కాదు, స్థితుల కలయిక కూడా. ఆ కలయికను ‘గుళిక’ సూచించలేదు.

కలయికకు పాఠ్యపుస్తకాలు వాడే మాట ‘అధ్యారోపణం’. తరంగాల పాఠంలో దీనివల్ల చిక్కులేదు. క్యూబిట్‌కు వర్తింపజేసినప్పుడు మాత్రం వేదాంత సంస్కారం గల పాఠకునికి తాడుమీద ఆరోపించిన పాము స్ఫురిస్తుంది. అక్కడ పాము అజ్ఞానఫలం. వెలుగు పడగానే పోతుంది. క్యూబిట్‌లోని 0, 1ల కలయిక చూసేవారి అజ్ఞానం కాదు. రెండింటికీ ఒక్కొక్క సంకీర్ణసంఖ్య ఉంటుంది. గణన సాగేకొద్దీ ఆ సంఖ్యలు తరంగాలవలె ఒకదానినొకటి పెంచుతాయి, రద్దుచేస్తాయి. భ్రమ అనుకుంటే ఈ యంత్రం పనిచేసే తీరే అర్థంకాదు.

ఇది కేవలం పదచర్చ కాదు. రెండేసి స్థితులు గల 50 వ్యవస్థల ఉమ్మడి స్థితిని రాయడానికి సుమారు 1,126 లక్షల కోట్ల సంఖ్యలు కావాలి. అణువులోని ఎలక్ట్రాన్ల లెక్క ఇలాగే పెరిగిపోతుంది. అందుకే ప్రకృతిని అనుకరించే యంత్రం కూడా క్వాంటం నియమాలతోనే నడవాలని 1981లో ఫైన్‌మన్ సూచించారు. మినుము వేరుబుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మామూలు వేడిమిలోనే అమ్మోనియాగా మారుస్తుంది. ఆ ఎంజైములోని ఏడు ఇనుము పరమాణువులు, ఒక మాలిబ్డినం పరమాణువు గల సముదాయం ఈ లెక్కలకు ప్రసిద్ధ లక్ష్యం.

సంబంధం ఇటునుంచి అటు కూడా ఉన్నది. అతివాహక క్యూబిట్లలోని అల్యూమినియం ఆక్సైడ్ పొరలో సూక్ష్మలోపాలుంటే స్థితి చెదిరిపోతుంది. 2023 ఏప్రిల్‌లో కేంద్రమంత్రివర్గం రూ. 6,003.65 కోట్లతో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌లోని నాలుగు విభాగాలలో పదార్థాలు, పరికరాలు ఒకటి కావడానికి కారణమిదే.

ఈ అర్థానికి ‘మేళవింపు’ పరిశీలింపదగిన మాట. శ్రుతి మేళవించడంలో పాళ్లూ, పొందికా రెండూ ఉన్నాయి. అయితే ‘మిశ్రమస్థితి’ అన్న మాటను నిజంగా తెలియనితనం కలిసిన మరో స్థితికి విడిగా ఉంచాలి. లేకుంటే పాత చిక్కే మళ్లీ వస్తుంది. ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి చదువుకు వాడుకభాషను కోరారు. కొత్తశాస్త్రానికి వాడుక ఇంకా ఏర్పడలేదు. దానిని ఏర్పరచే బాధ్యత రాసేవారిది. పదానికి అర్థం కుదిరినప్పుడే తెలుగులో పదార్థవిజ్ఞానం నిలుస్తుంది.