విడుపు పొడుపులోనే ఉండాలి

ఆఖరి కాగితం లేదు. డిటెక్టివ్ అందరినీ హాల్లోకి పిలిచి కూర్చోబెట్టాడు, ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర నిలబడ్డాడు, "హత్య చేసింది మీలో ఒకరే" అన్నాడు డిటెక్టివ్. అంతటితో పేజీ అయిపోయింది. తిప్పితే అట్ట. అట్టకీ పేజీకీ మధ్య చిరిగిన అంచు, పిన్ను తుప్పు మరక.

1989లో మాట. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా సందు మొదట్లో అద్దె పుస్తకాల షాపు ఉండేది. ముందు తాడుకు వేలాడే వారపత్రికలు, లోపల చెక్క అరల్లో నవలలు. ప్రతి నవలకూ దళసరి అట్ట అంటించి, దబ్బనంతో కుట్టి, వీపు మీద నంబరు వేసేవాళ్ళు. రోజుకు అర్ధ రూపాయి. పుస్తకం తీసుకెళ్ళి షాపాయన ముందు పెట్టి, "అన్నా, ఆఖరి పేజీ లేదు" అన్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకో కాపీ లేదు తమ్మీ. ఎవలు సంపిన్రో నువ్వే సోంచాయించు" అన్నాడు.

సోంచాయించాను. గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం, ముగ్గురమూ వంతులవారీగా చదివాం. మూడు రాత్రులు వాదించుకున్నాం. ఒకడు వంటమనిషి అన్నాడు, ఒకడు డాక్టరు అన్నాడు, నేను చనిపోయినాయన తమ్ముడన్నాను. ఎవరి మాట వాళ్ళు నిలబెట్టుకోవడానికి పుస్తకాన్ని వెనక్కి తిప్పి తిప్పి చదివాం. అంత శ్రద్ధగా నేను ఏ పుస్తకాన్నీ చదవలేదు, పాఠ్యపుస్తకాలతో సహా. హత్య నవల అంటే నాకు ఇష్టం ఏర్పడింది అప్పుడే. ఆ ఇష్టం దేని మీదో అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

మన భాషలో ఈ ప్రక్రియకు పునాది ఎప్పుడో పడింది. పొడుపు కథ వేసేవాళ్ళకు ఒక నీతి ఉంది. విడుపు బయటి నుంచి తేకూడదు, పొడుపులోని మాటల్లోనే ఉండాలి. విన్నవాళ్ళు ఓడిపోయాక, విడుపు చెప్పగానే "అరే, అవును కదా" అనాలి. "ఇదెక్కడిది?" అన్నారంటే వేసినవాళ్ళదే ఓటమి. మర్యాద రామన్న కథల్లోనూ ఇదే నీతి. నెయ్యి అప్పు మీద ఇద్దరు ఆడవాళ్ళ తగువు గుర్తుందా? ఒకామెకు పాడి ఎక్కువ, ఇంకొకామెకు తక్కువ. ఎక్కువున్నామె తక్కువున్నామె దగ్గర అప్పు చేసిందంటే ఎవరూ నమ్మరు. సాక్షులు లేరు. రామన్న ఇద్దరినీ బురదలో నడిపించి, కాళ్ళు కడుక్కోమని తలా ఒక చెంబు నీళ్ళిచ్చాడు. పాడి ఎక్కువున్నామె చెంబెడూ కుమ్మరించుకున్నా బురద పోలేదు. రెండో ఆమె పుల్లతో బురద గీకేసి, కాసిని నీళ్ళతో కడుక్కుని, మిగతావి చెంబులోనే ఉంచింది. ఎవరింట్లో నెయ్యి నిలుస్తుందో, ఎవరు అప్పుకు పోతారో తేలిపోయింది. బురదా, చెంబూ ఊరందరి కళ్ళ ముందే ఉన్నాయి. వాటిని చదివింది ఒక్కడే.

అచ్చులోకి వచ్చేసరికి దీనికి అపరాధ పరిశోధన అని పేరు పెట్టుకున్నాం. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో బెంగాలీ నుంచి పాంచ్‌కడి దే నవలలు తెలుగులోకి వచ్చాయి. అయితే తెలుగువాడికి తన సొంత డిటెక్టివ్‌ని గట్టిగా నిలబెట్టి ఇచ్చినవాడు కొమ్మూరి సాంబశివరావు. తెనాలి వాడు, కొడవటిగంటి కుటుంబరావుకు బావమరిది. ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, మద్రాసు వీధులు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు... 1950లు, 60లలో పెరిగినవాళ్ళకు ఈ పేర్లు ఇంట్లోవాళ్ళ పేర్లలాంటివి. యుగంధర్ గొప్ప అతని తెలివిలో కన్నా కొమ్మూరి వాక్యంలో ఉందని నా అభిప్రాయం. చిన్న వాక్యం. కర్త, క్రియ, చుక్క. వర్ణన అవసరమైనంతే. పేజీలో సగం సంభాషణ. గ్రాంథికపు వాసన లేదు. అక్షరాలు కూడబలుక్కునే వాడు కూడా రెండు రోజుల్లో పుస్తకం ముగించగలిగాడంటే ఆ వాక్యం పుణ్యమే. చదవడం అలవాటు చేసిన రచయిత ఒక భాషకు చేసే మేలు ఎంతటిదో మన సాహిత్య చరిత్రలు సరిగా లెక్క కట్టలేదు. ఈ నవలలను చిన్నచూపు చూసేవాళ్ళకు ఒక సంగతి గుర్తు చేయాలి. 'త్వమేవాహం' రాసిన ఆరుద్ర, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్ర, 'పలకల వెండిగ్లాసు' అనే డిటెక్టివ్ నవల కూడా రాశాడు.

ఇక పనితనం. హత్య నవల రాసేవాడు దాచడు. చూపిస్తూ దాచాలి. ఈ వ్యాసం కోసం నేనే అల్లిన చిన్న ఉదాహరణ చెబుతాను. సరూర్‌నగర్‌లో ఒక ఇల్లు. రాత్రి తొమ్మిదికి వాన పట్టుకుంది. పదింటికి పోలీసులు వచ్చేసరికి ఇంటి పెద్దాయన కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. మేనల్లుడు అంటాడు: "ఇప్పుడే బస్సు దిగి, వానలో గొడుగేసుకుని వచ్చాను సార్. వచ్చేసరికే మామయ్య ఇలా ఉన్నాడు." రచయిత గదిని వర్ణిస్తాడు. గోడకు కిందటేడాది క్యాలెండరు, బల్ల మీద సగం తాగిన మజ్జిగ గ్లాసు, గడప పక్క పొడి గచ్చు మీద ఆనించిన నల్ల గొడుగు, కిటికీ రెక్క మీద తువ్వాలు, బార్లా తెరిచిన బీరువా, అందులో ఖాళీగా ఉన్న నగల పెట్టె.

మీ చూపు ఎక్కడికి పోయింది? బీరువా మీదికి. రచయితకు కావలసిందీ అదే. వానలో వచ్చిన గొడుగు కింద గచ్చు పొడిగా ఎలా ఉంది అన్న ప్రశ్న మీకు రాదు. ఆధారాన్ని వరస మధ్యలో పెట్టాడు, వరస చివర గట్టిగా మోగే వస్తువు పెట్టాడు. మోసం చేయలేదు, "పొడి" అన్న మాట అచ్చులోనే ఉంది. నవ్వించేటప్పుడు దాచడం ఇంకో పద్ధతి. నౌకరు ఏదో తిక్కగా అంటాడు, మనం నవ్వుకుని ముందుకు పోతాం, అసలు సంగతి ఆ నవ్వు వెనకే ఉండిపోతుంది.

తెలుగులో రాసేవాడికి వీటన్నిటి కన్నా పెద్ద చిక్కు భాషతోనే. ఇంగ్లీషు రచయిత మనిషిని ఒక్క సర్వనామంతో నడిపించగలడు. మనం ప్రతి పాత్రకూ వాడు, అతను, ఆయన అని తేల్చుకోవాలి. అది తేల్చడంలోనే తీర్పు సగం బయటపడుతుంది. మొదటి పేజీ నుంచి "వాడు" అయినవాణ్ణి పాఠకుడు ముందే అనుమానిస్తాడు. అందుకని తెలిసిన రచయిత హంతకుణ్ణి "ఆయన" అంటాడు, "గారు" తగిలిస్తాడు, వరస కలుపుతాడు. బాబాయ్ అని పిలిపించుకున్న మనిషి మీద మనకు అనుమానం రాదు. మన మర్యాదే అతనికి ముసుగు.

క్రియాపదం సంగతి ఇంకా కష్టం. చీకట్లో ఎవరో గోడ దూకాలి. దూకాడు అంటే మగ, దూకింది అంటే ఆడ. ఒక్క అక్షరంతో సగం అనుమానితులు తప్పుకుంటారు. దీనికి మన రచయితలు కనిపెట్టిన ఉపాయం నాకు భలే ఇష్టం. "ఒక ఆకారం గోడ దూకింది", "నీడ కదిలింది" అంటారు. నపుంసక లింగానికీ స్త్రీలింగానికీ ఏకవచనంలో మన క్రియ ఒకటే కదా. ఆకారం దూకింది అంటే మగవాడి ఆకారమైనా కావచ్చు, ఆడమనిషిదైనా కావచ్చు. వ్యాకరణంలో ఉన్న ఆ చిన్న సందులోంచి హంతకులు ఎంతమంది తప్పించుకున్నారో! డిటెక్టివ్ నవలల్లో నీడలూ ఆకారాలూ అన్నేసి ఎందుకని వెక్కిరించేవాళ్ళు ఈ అవసరాన్ని గమనించలేదు.

విడుపు పొడుపులోనే ఉండాలన్న నీతిని బయటి దేశాల్లో సూత్రాలుగా రాసుకున్నారు. 1929లో రోనల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు మతగురువు పది నియమాలు పెట్టాడు. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలి, డిటెక్టివ్ దొరికిన ఆధారాన్ని పాఠకుడికి చెప్పకుండా ఉంచుకోకూడదు, రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు... అప్పటికి మూడేళ్ళ ముందే అగాథా క్రిస్టీ రోజర్ ఆక్రాయిడ్ హత్య కథ రాసి, ఇది న్యాయమా అన్యాయమా అని పాఠకుల మధ్య తగువు పెట్టింది. నేను న్యాయమే అంటాను. ఎందుకో చెబితే చదవనివాళ్ళకు ద్రోహం చేసినట్టవుతుంది.

వారపత్రికల కాలంలో మన దగ్గర థ్రిల్లరు మరో నైపుణ్యం నేర్చింది. ప్రతి వారం "సశేషం" దగ్గర పాఠకుణ్ణి ఏడు రోజులు ఆపగలగాలి. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వచ్చినప్పుడు ఆ పని ఎలా చేయాలో అందరికీ తెలిసింది. మధుబాబు షాడో నవలలది వేరే దారి. అక్కడ ఎవరు చేశారన్నది కాదు, ఎలా బయటపడతాడన్నదే ప్రశ్న. మల్లాది వెంకటకృష్ణమూర్తి 'చంటబ్బాయ్'లో డిటెక్టివ్‌ని హాస్యంలోకి తెచ్చాడు, జంధ్యాల 1986లో దాన్ని సినిమా తీశాడు. వెండితెర మీద నా ఓటు మాత్రం వంశీ 'అన్వేషణ'కే. 1985లో వచ్చింది. అడవిలో మనుషులు చస్తున్నారు, పులి చంపుతోందంటారు. ఇళయరాజా నేపథ్య సంగీతం ఒక్కోచోట ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలోనే మనం చుట్టూ చూడటం మొదలుపెడతాం.

ఇప్పుడు ఆధారాల రూపం మారింది. ఎల్బీనగర్ నుంచి రింగ్ రోడ్డు మీద ఉత్తరంగా పోతే ఉప్పల్ వస్తుంది. అక్కడే డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది. ఆ పక్కనే హబ్సీగూడలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. ఈ దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని నిలబెట్టిన లాల్జీ సింగ్ పనిచేసింది అక్కడే. రాజీవ్ గాంధీ హత్య కేసులో ఆ పద్ధతి ఉపయోగపడింది. ఒక వెంట్రుక, ఒక నెత్తుటి చుక్క మనిషిని పట్టిస్తున్నాక, పొడి గొడుగుతో నవల నడుస్తుందా అని అడుగుతారు. నడుస్తుంది. మనిషి ఆ గదిలో ఉన్నాడని ప్రయోగశాల చెబుతుంది. ఎందుకు ఉన్నాడు, ఏమని అబద్ధమాడాడు, ఆ అబద్ధం ఎక్కడ అతుకు ఊడింది అన్నది మాటల్లోనే తేలాలి. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' సినిమా నెల్లూరు ప్రైవేటు డిటెక్టివ్ చుట్టూ తిరిగినా మనల్ని కూర్చోబెట్టగలిగింది అందుకే.

దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చుని హత్య కథల గురించి రాస్తూ ఒక విషయం దాటి పోలేను. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర, సైకిళ్ళ మీద పెట్టిన రెండు బాంబులు పేలాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, కోచింగ్ నుంచి తిరిగొస్తున్న పిల్లలు తిరిగే చోటు అది. ఐదుగురిని దోషులుగా తేల్చి ఎన్ఐఏ కోర్టు శిక్ష వేసింది 2016 డిసెంబరులో. హైకోర్టు ఆ శిక్షను ఖరారు చేసింది 2025 ఏప్రిల్‌లో. ఆ పేలుళ్ళ తర్వాత కొన్నాళ్ళు నేను హత్య నవల పట్టలేకపోయాను. నెత్తురు చూసిన చోట నెత్తురు కథలేమిటనిపించింది. మళ్ళీ పట్టుకున్నాక తెలిసింది, నన్ను అందులో పట్టి ఉంచింది నెత్తురు కాదని. మంచి హత్య నవలలో చచ్చిపోయిన మనిషిని ఎవరూ వదిలేయరు. వాడు మంచివాడా చెడ్డవాడా అని చూడరు. వాడి చివరి గంట ఎలా గడిచిందో ఎవరో ఒకరు ఓపికగా అడుగుతూనే ఉంటారు. మొదట చెప్పిన కథనే నమ్మేసి ఫైలు మూసేయరు. నిజ జీవితంలో ఎందరికి ఆ భాగ్యం దక్కుతోంది?

2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 16 కిలోమీటర్ల మెట్రో వచ్చాక నా చదువు రైల్లోకి మారింది. చైతన్యపురిలో ఎక్కితే అమీర్‌పేట వచ్చేలోపు ఒక క్రైమ్ కథ అయిపోతుంది. పక్క సీట్ల పిల్లలు ఫోన్లో హత్యల వెబ్‌సిరీస్ చూస్తుంటారు. సంతోషమే. చూసేటప్పుడు కథ మన కోసం ఆగదు, చదివేటప్పుడు పేజీ వెనక్కి తిప్పుకోవచ్చు. నాకు ఆ వెనక్కి తిప్పుకునే హక్కే ముఖ్యం.

ఆ ఆఖరి కాగితం పదకొండేళ్ళకు దొరికింది. ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద, పాత ఇంజనీరింగ్ పుస్తకాల కుప్ప కింద అదే నవల కనిపించింది. అట్ట లేదు, ఆఖరి పేజీ ఉంది. అక్కడే నిలబడి చదివాను. వంటమనిషి కాదు, డాక్టరు కాదు, తమ్ముడు కాదు. ఇరవై రెండో పేజీలో ఒక్క వాక్యంలో కనిపించి వెళ్ళిన మనిషి. ఇంటికొచ్చి ఇరవై రెండో పేజీ తీశాను. ఉంది. మూడు రాత్రులు ముగ్గురం చదివి దాటేసిన వాక్యం, అచ్చులో, అందరికీ కనపడేలా ఉంది. ఓడిపోయినందుకు అంత ఆనందం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

మా సందులో ఆ షాపు ఇప్పుడు లేదు, అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆ నవలలు నాసి కాగితం మీద అచ్చయినవి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతున్నాయి. నేను వెతికే కొన్నింటికి ఒక్క కాపీ కూడా ఇంతవరకు దొరకలేదు. మీ ఇంటి అటక మీద, పాత ట్రంకు పెట్టెలో కొమ్మూరివో ఆరుద్రవో ఆ కాలం డిటెక్టివ్ నవలలుంటే తూకానికి వేయకండి. దగ్గర్లో ఉన్న గ్రంథాలయానికి ఇవ్వండి, లేదా చదివే పిల్లవాడి చేతిలో పెట్టండి. ఇచ్చే ముందు ఆఖరి కాగితం ఉందో లేదో ఒకసారి చూడండి.